వెనుదిరిగి చూడని భక్తి
(పునఃప్రతిష్ఠా మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీర్ణోద్ధరణ పూర్తయి, యంత్రప్రతిష్ఠ, ప్రాణప్రతిష్ఠ యథావిధిగా జరిగి, కుంభాభిషేక జలాలు మన శిరస్సులను పావనం చేసిన ఈ శుభవేళ, నూజెండ్ల గ్రామ ప్రజలు, పరిసర గ్రామాల నుండి విచ్చేసిన భక్తులు ఇక్కడ కూడి ఉన్నారు.

ఆలయాన్ని పునర్నిర్మించే కాలంలో మూలమూర్తి శక్తిని కలశంలోనికి ఆకర్షించి, బాలాలయంలో నిలిపి పూజించడం ఆగమ సంప్రదాయం. లోకాలన్నీ తనవే అయిన స్వామి మన పనులు ముగిసేదాకా ఒక చిన్న గదిలో వేచి ఉంటాడు. చందాలు ఆలస్యమైనా, శిల్పులు ఆలస్యమైనా అలిగి వెళ్ళిపోడు. ఆయన ప్రేమకు వేరొక నిదర్శనం అక్కరలేదు. సందేహమంతా మన వైపే ఉన్నది.

మన పల్నాటి సీమలోనే ఇందుకొక కథ ఉన్నది. కోటప్పకొండకు వెళ్ళని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. కొండకావూరు గ్రామానికి చెందిన గొల్లభామ ఆనందవల్లి ప్రతిదినం రుద్రశిఖరం ఎక్కి జంగమరూపుడైన శివుని సేవించేది. ఆమె శ్రమ చూడలేక స్వామి, "నేనే నీ వెంట దిగి వస్తాను, నీవు ముందు నడువు, వెనుదిరిగి మాత్రం చూడవద్దు" అన్నాడని స్థలపురాణం. ఆమె నడిచింది. వెనుక కొండ దద్దరిల్లే ధ్వని విని భయపడి తిరిగి చూసింది. స్వామి అక్కడే, బ్రహ్మశిఖరంపైని బిలంలో లింగరూపుడై నిలిచిపోయాడు.

ఈ కథను చాలామంది శాపకథగా చెబుతారు. నాకు అది ప్రేమకథగా తోస్తుంది. మాట తప్పినది భక్తురాలు. అయినా స్వామి తిరిగి పైశిఖరానికి వెళ్ళిపోలేదు. ఆమె చూపు ఎక్కడ ఆపిందో అక్కడే ఆగి, ఆమె కోసం దిగివచ్చిన ఆ మేరను నేటికీ విడువలేదు. ఆమెను తనలో ఐక్యం చేసుకున్నాడు. అందుకే ఆమెకూ అక్కడ గుడి వెలసింది.

ఆమె ఒక్కసారి, అదీ భయంతో, వెనుదిరిగింది. మరి మనమో? అభిషేకం జరుగుతుండగా మన చూపు ఎన్నిసార్లు వెనుకకు మళ్ళుతుంది! తీర్థం ముందు ఎవరికిచ్చారు? శిలాఫలకంపై నా పేరు ఎన్నవ వరుసలో ఉన్నది? ఇతరుల మాట ఎందుకు? నేటి ఉదయం యాగశాలలో కూర్చుండి, పూర్ణాహుతి వేళకు నా మనస్సు ఈ ప్రసంగంలో ఏమి చెప్పాలా అని తిరుగుతున్నది. చేతులు జోడించి ఉన్నాయి, నేను మాత్రం అక్కడ లేను. అరమనస్సు పూజ అంటే ఇదే.

మిరపచేనుకు నీరు పెట్టే రైతుకు ఈ సంగతి వివరించనక్కరలేదు. పైమట్టి తడిసి వేరు దాకా నీరు దిగకపోతే చేను చూడటానికి తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం వాడిపోతుంది. పండుగనాటి భక్తి పైతడి. నిత్యసేవ వేరుతడి.

అరమనస్సుకు మరొక రూపమున్నది. స్వామికి తలుపు తెరిచి, సాటి మనిషికి మూసివేయడం. 1895లో మన పక్కనే వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యాన్ని వెలువరించారు. అందులో ఆలయప్రవేశానికి నోచుకోని ఒక నిరుపేద తన మొరను శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గర్భగుడిలో గబ్బిలానికి చోటున్నది, మనిషికి లేదు! ఆ ప్రశ్న ఈ నేలపై పుట్టిన కవి వేసినది. 12వ శతాబ్దంలో మాచర్ల చెన్నకేశవుని కొలిచిన బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవారిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టాడని పల్నాటి వీరగాథ. సమాధానమూ ఈ నేలమీదిదే. క్రొత్త గుడికి క్రొత్త సున్నం వేశాము. పాత గీతలు గడపలో మిగిలి ఉంటే జీర్ణోద్ధరణ సగమే జరిగినట్లు.

కనుక ఈ గ్రామాన్ని రెండు కోరికలు కోరుతున్నాను. మండలదీక్ష 40 దినాలు గడిచిన తరువాత గుడి బోసిపోవడం అనేక ఊళ్ళలో చూశాను. ఇక్కడ అలా జరగరాదు. సాయంకాల దీపాన్ని వంతులవారీగా ఇంటికొక రోజు తీసుకొనండి. ఆ వంతుల పట్టికలో ఊరిలోని ప్రతి వాడ, ప్రతి ఇల్లు ఉండాలి. లక్షలు ఇచ్చినవారి దీపమూ, కూలి చేసుకొనేవారి దీపమూ ఒకే ప్రమిదలో వెలగాలి. ఇది మొదటిది. ఆ దీపం ముందు నిలిచిన ఐదు నిమిషాలైనా వెనుదిరిగి చూడకుండుట రెండవది.

అప్పటికీ మనం తప్పుతాము. మనస్సు మళ్ళుతుంది, వంతు మరచిపోతాము. నిరాశ వద్దు. గొల్లభామ వెనుదిరిగిన చోటనే నిలిచిన స్వామి, మనం ఆగిన చోట మనకోసం ఆగి ఉంటాడు. మరునాటి సాయంకాలం వత్తి సరిచేసి మళ్ళీ వెలిగించండి.

స్వామి కృప ఈ గ్రామంపై సదా ప్రసరించుగాక!

శుభం భూయాత్.