చిన్న సరుకు కాదు, అడవి పంట



నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో తునికాకును, ఇప్పపువ్వును ఫైళ్లలో 'చిన్నతరహా అటవీ ఉత్పత్తులు' అని రాసేవాళ్లం. కలప పెద్దది, ఆకు చిన్నది అన్నమాట! మన మంచిర్యాల చుట్టుపక్కల అడవి పల్లెల్లో ఎన్నో ఇళ్లు ఎండాకాలం గడిచేది ఆ చిన్న సరుకుతోనే.

తునికాకు సంగతే చూడండి. ఎండలు ముదరకముందే కొమ్మ కొట్టి ఉంచితే లేత ఆకు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే ఇంటిల్లిపాదీ అడవికి పోయి తెంపుకొస్తారు. నీడన కూర్చుని కట్టలు కట్టి కల్లంలో లెక్క అప్పజెపుతారు. కట్టకు 50 ఆకులు, 1,000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే 50,000 ఆకులు చేత్తో తెంపాలి. నడుమ వాన పడిందా, ఆరబెట్టిన ఆకు పాడు. గనిలోకి దిగే మన సోదరులు బీడీలు పైనే వదిలి దిగాలి గదా, ఆ బీడీ వెనుక ఇంత చాకిరీ ఉంది. బీడీ ఒంటికి చేటన్నది వేరే సంగతి.

ఇప్పపువ్వంటే సారాయే గుర్తొస్తుంది చాలామందికి. ఎండబెట్టిన పువ్వు ఉడికించుకు తిని కరువు గట్టెక్కినవారున్నారు. గింజల నూనె వంటకూ, దీపానికీ పనికొస్తుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఆ పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు.

చిల్లగింజను కుండ లోపల అరగదీస్తే బురద నీళ్లు తేటపడతాయి. నిర్మల్ బొమ్మలకు పొనికి కర్రే ఆధారం. మొర్రిపండ్ల గింజలోని సారపప్పు మిఠాయి దుకాణానికి చేరేసరికి ఎంత ఖరీదవుతుందో మీకు తెలుసు, ఏరినవారికి దక్కేది అందులో కొంతే.

ఈ సరుకు కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తునికాకుతో సహా వీటిపై అడవిలో బతికేవారికి యాజమాన్య హక్కునిచ్చింది. తునికాకు అమ్మకంలో ఖర్చులు పోను మిగిలిన సొమ్మును కూడా మన రాష్ట్రంలో ఆకు తెంపినవారి బ్యాంకు ఖాతాల్లో వేశారు. అయితే పుస్తకంలో పేరు, ఖాతాలో పేరు కలవాలి. 'లచ్చవ్వ' ఒకచోట, 'లక్ష్మి' ఇంకొకచోట ఉంటే డబ్బు ఆగిపోతుంది.

పేర్లు, అంకెలు సరిచూడడమే కదా మన ఉద్యోగం! కల్లాలు మొదలయ్యేలోగా మీకు తెలిసినవారి పాసుపుస్తకం, ఆధార్, కూలీ కార్డు ఒక్కసారి సరిచూసి పెట్టండి. ఆదివారం ఉదయం పూట నేను సంఘం గదిలోనే ఉంటాను. దరఖాస్తు రాయించుకోవలసిన వారిని పంపండి, కాగితం కూడా నాదే.