పొలం దాటిన ఎరువు – చెరువులో బతుకులు
(రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల ధర గురించి, కొరత గురించి, క్యూలైన్ల గురించి మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటున్నాం. పైరు తీసుకోగా మిగిలిన ఎరువు ఎక్కడికి పోతుందన్నది మాత్రం ఎజెండాలోకి రావడం లేదు. అందులో కొంత వాననీటితో చెరువుకు చేరుతుంది. ఆ చెరువు కిందే మన ఆయకట్టు ఉంది. పశువులు అక్కడే నీళ్లు తాగుతాయి. మత్స్యకారుల కుటుంబాలు దానిమీదే బతుకుతాయి. కాబట్టి ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

నత్రజని, భాస్వరం వరికి ఎలా బలమో నీటిలోని మొక్కకు, పాచికి కూడా అలాగే బలం. చెరువులో అవి ఎంత ఉన్నాయన్నదాన్నిబట్టే అక్కడ ఏ మొక్క, ఏ పురుగు, ఏ చేప బతకాలో తేలుతుంది.

పోషకాలు బాగా తక్కువగా ఉంటే నీరు తేటగా ఉంటుంది గానీ చేప పెద్దగా పెరగదు. చేపల చెరువులో పేడ వేసేది అందుకే. పోషకాలు మితంగా ఉన్న చెరువులో అందరికీ చోటుంటుంది. వెలుతురు అడుగుదాకా దిగుతుంది కాబట్టి నీటి అడుగున మొక్కలు పెరుగుతాయి. వాటి చాటున కంటికి ఆనీ ఆనని చిన్న నీటి పురుగులు బతుకుతాయి. అవి పాచిని తింటాయి. వాటిని చేపలు, చేపలను కొంగలు తింటాయి.

పోషకాలు మితిమీరితే ఈ గొలుసు తెగుతుంది. నీటిలో తేలాడే పాచి విపరీతంగా పెరిగి నీరు పచ్చబడుతుంది. వెలుతురు అందక అడుగు మొక్కలు చనిపోతాయి. చాటు పోయిన పురుగులను చేపలు తినేస్తాయి. పాచిని తినేవాళ్లే లేకపోయేసరికి పాచి ఇంకా పెరుగుతుంది. వాటిలో నీలి ఆకుపచ్చ పాచి రకాలు కొన్ని విషాన్ని కూడా తయారు చేస్తాయి. ఆ నీళ్లు తాగిన పశువులు చనిపోయే ప్రమాదం ఉంది.

పాచి పగలు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. చచ్చిన పాచి కుళ్లడానికీ ప్రాణవాయువే కావాలి. అందుకే చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆక్వా రైతులు రాత్రిపూట ఏరేటర్లు తిప్పేది దీనికోసమే. ఊరి చెరువుకు ఏరేటర్లు ఎవరు పెడతారు? బొచ్చె, శీలావతి లాంటివి చనిపోతాయి. పైకొచ్చి గాలి పీల్చుకోగల కొరమీను, మార్పు, ఇంగిలాయి లాంటివి కొంతకాలం తట్టుకుంటాయి. నీటి మీద గుర్రపుడెక్క పరుచుకుంటుంది. చెరువు పచ్చగానే కనిపిస్తుంది, లోపల బతికే రకాలు మాత్రం తగ్గిపోతాయి.

ఇందులో భాస్వరం పాత్ర ఏమిటో 1973లో కెనడాలో చేసిన ప్రయోగం కళ్లకు కట్టింది. డేవిడ్ షిండ్లర్, ఆయన సహచరులు 226 నంబరు అనే చిన్న సరస్సును మధ్యలో ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీశారు. రెండు వైపులా నత్రజని, కర్బనం కలిపారు. ఒక వైపు మాత్రమే భాస్వరం అదనంగా వేశారు. భాస్వరం వేసిన వైపు పాచితో పచ్చబడింది. రెండో వైపు మామూలుగానే ఉండిపోయింది.

ఎంత భాస్వరం చాలు? లీటరు నీటిలో 10 మైక్రోగ్రాముల లోపు ఉంటే పోషకాలు తక్కువనీ, 35 దాటితే ఎక్కువనీ, 100 దాటితే మితిమీరాయనీ శాస్త్రజ్ఞులు స్థూలంగా లెక్కిస్తారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఇప్పుడు మన డీఏపీ బస్తా చూద్దాం. 50 కిలోల బస్తాలో భాస్వరం మూలకంగా సుమారు 10 కిలోలు ఉంటుంది. 25 ఎకరాల చెరువులో మీటరు లోతు నీళ్లున్నాయనుకుందాం. ఆ 10 కిలోలూ అందులో కరిగితే లీటరుకు సుమారు 100 మైక్రోగ్రాములు పెరుగుతుంది. ఒక్క బస్తా! వాస్తవంలో కొంత అడుగు మట్టికి చేరుతుంది. అయినా ఎంత కొద్దిపాటి భాస్వరానికి చెరువు మారిపోతుందో ఈ లెక్క చెబుతుంది. పైగా అది మనం డబ్బు పెట్టి కొన్న బస్తా. దేశానికి కావలసిన భాస్వరంలో చాలా భాగం దిగుమతి నుంచే వస్తోంది.

అయితే నేరమంతా రైతుదేనని ఎవరైనా అంటే మనం ఒప్పుకోనవసరం లేదు. శుద్ధి చేయని పట్టణ మురుగులో భాస్వరం, నత్రజని రెండూ ఉంటాయి. చేపల చెరువుల నుంచి వదిలే నీటిలోనూ ఉంటాయి. కొల్లేరునే చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వరదతోపాటు డ్రెయిన్ల నీరూ చేరుతుంది. అది ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెంచారు. గట్టు తెంచితే నీటికి దారి దొరుకుతుంది గానీ, ఎగువ నుంచి వచ్చే మురుగు ఆగదు. గుర్రపుడెక్క కొల్లేరును వదలకపోవడంలో ఆశ్చర్యమేముంది?

మురుగు ఆపితే సరస్సు కోలుకుంటుందని అమెరికాలోని సియాటెల్ నగరం పక్కనున్న వాషింగ్టన్ సరస్సు రుజువు చేసింది. 1958లో అక్కడి ప్రజలు ఓటు వేసి మరీ నిర్ణయం చేశారు. 1963 నుంచి 1968 వరకు దశలవారీగా మురుగును సరస్సు నుంచి మళ్లించారు. కొన్నేళ్లలోనే నీరు తేటపడింది. అది లోతైన సరస్సు. మన చెరువులు లోతు తక్కువ. అడుగు మట్టిలో పేరుకున్న భాస్వరం, ప్రాణవాయువు తగ్గినప్పుడల్లా తిరిగి నీటిలోకి వస్తుంది. కాబట్టి రాకను ఆపడంతోపాటు పూడిక కూడా తీయాలి.

పూడిక మన పెద్దలకు తెలిసిన ఎరువే. ఎండాకాలంలో బండ్లకెత్తి పొలాలకు తోలేవారు. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలోనూ రైతులు పూడిక మట్టిని పొలాలకు తోలుకున్నారు. పొలం నుంచి పోయింది పొలానికే తిరిగొస్తుంది. ఫ్యాక్టరీ నీరు, పట్టణ మురుగు కలిసే చెరువైతే మాత్రం మట్టిని పరీక్ష చేయించాకే వాడాలి.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. భాస్వరం ఎక్కువగా మట్టిని పట్టుకునే కొట్టుకుపోతుంది. నత్రజని నీటిలో కరిగి పారుతుంది. కాబట్టి గట్లు గట్టిగా ఉంచుకుందాం. పెద్ద వాన సూచన ఉన్నప్పుడు ఎరువు చల్లకుండా ఆగుదాం. యూరియాను దఫాలుగా వేద్దాం. భూసార పరీక్షలో భాస్వరం దండిగా ఉందని తేలిన పొలంలో డీఏపీ తగ్గించి ఆ ఖర్చు మిగుల్చుకుందాం. వాగుల వెంట గడ్డిని దున్నేయకుండా ఉంచుదాం.

ప్రభుత్వాలు చేయవలసినవీ ఉన్నాయి. విత్తే ముందే భూసార ఫలితాలు రైతు చేతికి అందాలి. శుద్ధి చేయని మురుగును ఏ మున్సిపాలిటీ కూడా చెరువులోకి వదలకూడదు. చెరువు నీటిని ఏటా పరీక్షించి, ఫలితాన్ని గ్రామసభలో చదివి వినిపించాలి. పూడికతీతకు నిధులివ్వాలి. చెరువులో చేపలు చనిపోతే మత్స్యకారులకు పరిహారం చెల్లించాలి.

తొలకరి లోపు ప్రతి గ్రామ కమిటీ తమ చెరువు చుట్టూ ఒకసారి నడవాలని కోరుతున్నాం. చెరువులోకి ఏ కాలువ వస్తోంది, ఏ డ్రెయిన్ వస్తోంది, ఎక్కడ నీరు పచ్చగా ఉంది, ఏ చేప కనిపించకుండా పోయింది అన్నది రాసుకోండి. మత్స్యకారులను వెంట తీసుకెళ్లండి. ఆ వివరాలు వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. రాసుకున్న ఆ కాగితాన్నే మన డిమాండ్లకు జతచేసి అధికారుల ముందు పెడదాం.