ఆట లెక్క చదువుదాం



పేపరు చేతికొస్తే ముందు ధరలు చూస్తారు. తర్వాత వాన కబురు చూస్తారు. ఆటల పేజీ రాగానే తిప్పేస్తారు. అది మగపిల్లల గొడవ అనుకుంటారు. కానీ ఆ పేజీలో అక్షరాలు తక్కువ, అంకెలు ఎక్కువ. కూడిక, తీసివేత వచ్చినవాళ్లు దాన్ని సులువుగా చదవొచ్చు.

ఈ రోజు ఒక ఆట లెక్క చూద్దాం. అది ఆడోళ్లు ఆడిన ఆటే.

2025 నవంబరు 2వ తేదీ. నవీ ముంబైలో ఆడవాళ్ల ప్రపంచకప్పు క్రికెట్టు ఆఖరి పోటీ జరిగింది. ఒకవైపు మన దేశం, ఇంకోవైపు దక్షిణాఫ్రికా. వాన వల్ల ఆట ఆలస్యంగా మొదలైంది. అనంతపురంలో వాన ఎప్పుడొస్తుందా అని ఆకాశం చూస్తారు. అక్కడ ఎప్పుడు ఆగుతుందా అని చూసినారు!

ఒక్కో జట్టుకు 50 ఓవర్లు. ఓవరు అంటే ఆరు బంతులు. ముందు మనోళ్లు బ్యాటు పట్టినారు. ఎవరెవరు ఎన్ని పరుగులు తీసినారో చూడండి.

స్మృతి మంధాన – 45
షెఫాలీ వర్మ – 87
జెమీమా రోడ్రిగ్స్ – 24
హర్మన్‌ప్రీత్ కౌర్ – 20
దీప్తి శర్మ – 58
అమన్‌జోత్ కౌర్ – 12
రిచా ఘోష్ – 34
రాధా యాదవ్ – 3

పలక తీసుకుని కూడండి. 283 వస్తుంది. కానీ పేపర్లో మన జట్టు 298 అని ఉంటుంది. మిగతా 15 ఎక్కడివి? అవి ఎవరి బ్యాటు నుంచీ రాలేదు. ఎదుటివాళ్లు బంతి పక్కకు వేసినా, ఇంకేదైనా తప్పు చేసినా ఇచ్చే పరుగులు అవి. ఎక్స్‌ట్రాలు అంటారు. కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. సంఘం లెక్కలో ఇతర ఖర్చులు అని ఉంటుంది చూడండి, అట్లాంటిదే. ఆ వరుస చదవకపోతే కూడిక కుదరదు. ఎవరైనా మొత్తం చెప్పి సంతకం పెట్టమంటే, పైనుంచి కిందిదాకా ఒకసారి కూడి చూసుకోవాలి.

ఇక దక్షిణాఫ్రికా వంతు. వాళ్లు గెలవాలంటే 299 కావాలి. అంటే ఓవరుకు దాదాపు ఆరు పరుగులు. ఈ ఆరును గుర్తు పెట్టుకోండి.

మన తరఫున ఏడుగురు బంతులు వేసినారు. అందులో శ్రీచరణి ఒకరు. పక్క జిల్లా అమ్మాయే. కడప జిల్లా ఎర్రమల్లె ఊరు. ఎడమచేత్తో బంతి తిప్పుతుంది. ఆమె పేరు ఎదురుగా ఇట్లా ఉంటుంది: 9 ఓవర్లు, 48 పరుగులు, 1 వికెట్టు.

ఒక్క వికెట్టేనా అనిపిస్తుంది. 48ని 9తో భాగించండి. ఐదు వచ్చి, ఇంకా మూడు మిగులుతాయి. ఓవరుకు ఐదు కంటే కొంచెం ఎక్కువ ఇచ్చింది. వాళ్లకు కావాల్సింది ఆరు. అంటే ఆమె ఓవర్లలో వాళ్లు వెనకబడినారు. ఆమె తీసిన ఆ ఒక్క వికెట్టు కూడా ఒక్క పరుగూ చేయనివ్వకుండా తీసింది. రేణుకా సింగ్‌ది ఇంకా చూడండి. 8 ఓవర్లు, 28 పరుగులు, వికెట్లు సున్నా. ఆ సున్నాను చూసి ఏం చేయలేదు అనుకుంటే పొరపాటు. ఓవరుకు మూడున్నరే ఇచ్చింది.

ఇది సగటు లెక్క. సగటు అంటే ప్రతి ఓవర్లో అంతే వచ్చిందని కాదు. ఒక ఓవర్లో పది, ఇంకో ఓవర్లో ఒకటి కూడా రావొచ్చు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దాకా అని చెబుతారు. చెనక్కాయ ఊడలు దిగేటప్పుడు చుక్క పడకుండా, ఆఖర్న ఒక్కరోజే కుండపోత పడినా కాగితం మీద సగటు బాగానే ఉంటుంది. పంట మాత్రం ఉండదు.

దీప్తి శర్మ పేరు దగ్గర 9.3 ఓవర్లు అని ఉంటుంది. మధ్యలో చుక్క ఉంది. చాలామంది తొమ్మిదింబావో ఏదో అనుకుంటారు. కాదు. తొమ్మిది ఓవర్లు, మూడు బంతులు. ఆమె 39 పరుగులిచ్చి 5 వికెట్లు తీసింది. బ్యాటుతో 58 కూడా ఆమెవే. ఇంతకంటే ఏం చెప్పాలి!

దక్షిణాఫ్రికా 246 దగ్గర ఆగిపోయింది. 298లోంచి 246 తీసేయండి. 52 పరుగుల తేడాతో మనోళ్లు గెలిచినారు. అంతకుముందు 2005లో, 2017లో ఆఖరిదాకా పోయి ఓడిపోయినారు. 2017లో తొమ్మిదంటే తొమ్మిది పరుగులతో పోయింది.

లెక్కలో కనబడనిది కూడా ఒకటుంది. అమన్‌జోత్ కౌర్ బంతులు వేస్తే 4 ఓవర్లకు 34 పరుగులు పోయినాయి, వికెట్టు లేదు. బ్యాటుతో 12. పేపరు చూసినవాళ్లు ఆమెను పట్టించుకోరు. కానీ పరిగెత్తుతున్న బ్రిట్స్‌ను దూరం నుంచి బంతి విసిరి అవుట్ చేసింది ఆమె. 101 పరుగులు కొట్టిన వోల్‌వార్ట్ క్యాచి పట్టింది ఆమె. బంతి చేతిలోంచి జారింది, మళ్లీ జారింది, అయినా వదల్లేదు. ఇంట్లో నీళ్లు మోసినవాళ్ల పేరు ఏ పుస్తకంలో రాస్తున్నారు?

అనంతపురం జిల్లాలోనూ ఇట్లాంటి ఆడపిల్ల ఉంది. నార్పల మండలం బండ్లపల్లి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైన ఊరు అదే. మస్టరులో వేలిముద్ర వేస్తారా, పేరు చదువుకుంటారా అన్న మాట ఆ పథకంతో ఊరూరా వచ్చింది. ఆ ఊరి అమ్మాయి బారెడ్డి అనూష 2023 జులైలో మన దేశం జట్టులో ఆడింది, బంగ్లాదేశ్ మీద. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ, అంటే ఆర్డీటీ వాళ్ల మైదానంలో ఆట నేర్చుకుంది. ఆడపిల్లకు బంతెందుకు, బ్యాటెందుకు అనేవాళ్లు ఏ ఊర్లోనైనా ఉంటారు. బడిలో ఆటల గంట ఉందా, అందులో ఆడపిల్లలు ఎంతమంది ఆడుతున్నారు, అది కూడా లెక్క రాసి చూడొచ్చు.

ప్రపంచకప్పు గెలిచినాక రాష్ట్ర ప్రభుత్వం శ్రీచరణికి రెండున్నర కోట్లు ప్రకటించింది. దాన్ని అంకెల్లో రాయండి. ముందు 2, తర్వాత 5, ఆ వెనక ఆరు సున్నాలు. కామాలు ఎక్కడెక్కడ పెట్టాలో చూసుకోండి: 2,50,00,000.