రమేశ చంద్ర దత్తు: అధికారి, ప్రజానాయకుడు, చరిత్రకారుడు
(కోల్‌కతాలోని తెలుగు కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



జనపనార మిల్లులలో, రైల్వేలలో పొట్ట పోసుకొనుటకై మన పూర్వులు తరలివచ్చిన ఈ నగరంలోనే 1848 ఆగస్టు 13న రమేశ చంద్ర దత్తు జన్మించారు. 1868లో సురేంద్రనాథ్ బెనర్జీ, బిహారీలాల్ గుప్తాలతో కలిసి ఇంగ్లండుకు వెళ్ళి, ఐ.సి.ఎస్. పరీక్షలో నెగ్గి, 1871లో కొలువులో చేరారు.

మేజిస్ట్రేటు పదవి ఆ రోజులలో అధికారానికి ప్రతిరూపం. శిక్ష విధించేదీ, శిస్తు రాబట్టేదీ ఆ కచ్చేరీయే. అట్టి పదవిలో ఉండి కూడా దత్తు 1874లో బెంగాలు రైతాంగ స్థితిగతులపై గ్రంథం ప్రకటించి, జమీందారుల దోపిడి నుండి కౌలు రైతుకు రక్షణ కావాలని వాదించారు. 1876 తుపానులో దక్షిణ షాబాజ్‌పూర్ దీవి సర్వనాశనమైనప్పుడు సహాయ కార్యక్రమాలు నడిపారు. 1883లో బాకర్‌గంజ్ జిల్లా పాలనా బాధ్యతలు స్వీకరించారు. భారతీయునికి జిల్లా అధికారం అప్పగించుట ఆనాడు అపూర్వం. తదుపరి ఒరిస్సా కమిషనరుగా పనిచేసి, 1897లో పదవీ విరమణ చేశారు.

విశ్రాంతి తీసుకొనవలసిన వయసులో ఆయన అసలు కృషి ఆరంభమయింది. లండను యూనివర్సిటీ కాలేజీలో భారత చరిత్ర బోధించారు. 1899లో లక్నో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. 1900లో వైస్రాయి కర్జనుకు కరవులపై బహిరంగ లేఖలు వ్రాశారు. వాన కురియకపోవుట ఒక్కటే కరవుకు కారణం కాదనీ, భారీ భూమిశిస్తు వలన రైతు చేతిలో గింజా పైకమూ మిగలక, ఒక్క పంట పోగానే ప్రాణాలు పోతున్నాయనీ ఆయన వాదం. మన మద్రాసు రాజధానిలోని రైత్వారీ శిస్తుకు కూడా హద్దు ఉండాలని కోరారు. 1902లో ప్రభుత్వం సమాధానంగా తీర్మానమే ప్రకటించవలసి వచ్చింది!

1902, 1904 సంవత్సరాలలో ఆయన భారత ఆర్థిక చరిత్ర రెండు సంపుటాలుగా వెలువడింది. పట్టుదారం తీసే పనివారు కంపెనీ ఫ్యాక్టరీలలోనే పనిచేయాలి, వెలుపల చేస్తే కఠిన శిక్ష అని 1769లో కంపెనీ డైరెక్టర్లు పంపిన ఆజ్ఞను ఆయన లోకం ముందుంచారు. ఆధారాలు ఎక్కడివి? పార్లమెంటు నివేదికలు, కంపెనీ ఉత్తరాలు. అనగా పాలకుల దస్త్రాలే పాలకులపై సాక్ష్యం పలికాయి.

ఆయన పరిమితులను మేము దాచబోము. శాశ్వత శిస్తు ఒప్పందంపై ఆయనకు మితిమీరిన విశ్వాసం ఉండేది. సామ్రాజ్యాన్ని కూలదోయాలని గాక సంస్కరించాలనే తలచారు. బరోడా సంస్థాన దివానుగా ఉండగా 1909 నవంబరు 30న కన్నుమూశారు.

మిత్రులారా, చర్చల బల్ల వద్ద యాజమాన్యం నష్టాల లెక్క చూపినప్పుడు మనవారు ఆవేశపడటం, ఆపై నోరు మెదపలేకపోవటం మేము పలుమార్లు చూశాం. ఆవేశం తప్పు కాదు, ఆధారం లేకపోవటమే తప్పు. జీతాల పట్టీ, వార్షిక నివేదిక, పాత ఒప్పందాలు ప్రతి యూనియను కార్యాలయంలోనూ భద్రపరచి చదవాలి. ఎదుటివారి కాగితంతోనే మన న్యాయాన్ని రుజువు చేయగలగాలి. దత్తు జీవితం నుండి మనం గ్రహించవలసిన పాఠం ఇదే.