సంబంధాల పొదుపు

ఉదయం పదిగంటలకు ఒక పెద్ద కార్యాలయంలో ఉద్యోగులందరూ ఇంచుమించు ఒకేసారి తమ తమ కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. పేరు టైపు చేస్తారు, పాస్‌వర్డ్ టైపు చేస్తారు, మీట నొక్కుతారు. రెప్పపాటులో తలుపు తెరుచుకుంటుంది. ఆ రెప్పపాటులో ఏమి జరిగిందో మనలో చాలామంది ఆలోచించరు. తలుపు తెరుచుకున్నంతకాలం ఆలోచించవలసిన అవసరమూ కలుగదు. తెరుచుకోని నాడు మాత్రం మనిషికి తనమీద తనకే అనుమానం పుడుతుంది. ఆ రెప్పపాటును గురించి, అందులో ఇమిడి ఉన్న ఒక పొదుపును గురించి, ఆ పొదుపు వెంట తప్పక ఉండవలసిన ఒక జాగ్రత్తను గురించి ఈనాడు నాలుగు మాటలు చెప్పదలచాను.

కార్యాలయంలో జీతాల లెక్కకు ఒక ప్రోగ్రాం ఉంటుంది. సెలవు దరఖాస్తులకు ఇంకొకటి, ఉత్తరప్రత్యుత్తరాలకు వేరొకటి. వీటిలో ప్రతి ఒక్కటీ ఉద్యోగుల పేర్లను, పాస్‌వర్డులను తనకు తానై దాచుకోవడం మొదలుపెడితే, ఒక్కొక్క మనిషి పది పాస్‌వర్డులు జ్ఞాపకముంచుకోవలసి వస్తుంది. ఒకరు ఉద్యోగం మానుకొన్ననాడు పదిచోట్లా ఆ పేరు కొట్టివేయవలసి వస్తుంది. తొమ్మిదిచోట్ల కొట్టివేసి పదవచోట మరచిపోవడం మానవసహజం. అందుచేత ఈ వివరాలన్నిటినీ ఒక్కచోట ఉంచి, అన్ని ప్రోగ్రాములూ అక్కడికే వచ్చి అడిగే ఏర్పాటు చేశారు. ఆ ఒక్కచోటుకే డైరెక్టరీ సర్వర్ అని పేరు. టెలిఫోన్ డైరెక్టరీ వంటిదే గాని, ఇది వంశవృక్షంలా కొమ్మలు వేసి ఉంటుంది: సంస్థ, దాని క్రింద శాఖలు, శాఖల క్రింద మనుష్యులు. ఇందులో వ్రాయడం తక్కువ, చదవడం ఎక్కువ.

ఇటువంటి డైరెక్టరీలకు 1988లో ఎక్స్.500 అనే అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. అది సమగ్రమైనదే కాని, ఆనాటి చిన్న కంప్యూటర్లు మోయలేనంత బరువైనది. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న టిమ్ హౌజ్, మరి కొందరు సహచరులు కలిసి, అదే పనిని తేలికగా జరిపే సంభాషణా పద్ధతి ఒకదానిని రూపొందించారు. 1993లో అది ప్రకటితమైంది. దానిని ఎల్‌డాప్ అంటారు. ఆ పేరులోని మొదటి అక్షరానికి అర్థమే 'తేలికైనది' అని. 1997లో వచ్చిన దాని మూడవ రూపమే, 2006లో సవరణలు పొంది, నేటికీ వాడుకలో ఉన్నది.

పద్ధతి తేలికైనదే. కాని మాట్లాడడానికి ముందు జరిగే మర్యాదలు అంత తేలికైనవి కావు. ప్రోగ్రాము డైరెక్టరీని ఒక చిన్న ప్రశ్న అడగాలనుకుంటుంది: 'ఫలానా మనిషి ఏ శాఖలో ఉన్నాడు?' అడగడానికి ముందు రెండు యంత్రాల మధ్య సంబంధం కుదరాలి. దానినే కనెక్షన్ అంటారు. పలకరింపుకు ఒకసారి కబురు పోయి రావాలి. తరువాత దారిలో ఎవరూ వినకుండా మాటలను రహస్యలిపిలోకి మార్చుకొనే ఒడంబడిక. పాత పద్ధతిలో దానికి రెండు రాకపోకలు, 2018లో వచ్చిన కొత్త పద్ధతిలో ఒకటి. ఆ తరువాత 'నేను ఫలానావాడను, ఇదిగో నా పాస్‌వర్డ్' అని తెలుపుకోవడం. దీనిని బైండ్ అంటారు. అది మరొక రాకపోక. ఇన్ని అయిన తరువాత అసలు ప్రశ్న, అసలు సమాధానం. పాత పద్ధతి ప్రకారం లెక్క వేస్తే, ఒక్క ప్రశ్నకు ఐదు రాకపోకలు. వీటిలో పనికివచ్చినది ఒక్కటి. తక్కిన నాలుగూ వాకిట్లో పలకరింపులే. డైరెక్టరీ దూరపు ఊరిలో ఉండి, ఒక్కొక్క రాకపోకకు 40 మిల్లీసెకండ్లు పడుతుందనుకోండి. 40తో తేలవలసిన పని 200 మిల్లీసెకండ్లు పడుతుంది.

ఒక మనిషికైతే ఈ తేడా తెలియదు. వేలమంది ఒకేసారి వచ్చినప్పుడు తెలుస్తుంది. కాలం ఒక్కటే కాదు, ఇంకొక చిక్కు కూడా ఉన్నది. కంప్యూటరు తాను బయటికి కుదుర్చుకొనే ప్రతి సంబంధానికీ తన వైపున ఒక సంఖ్యను కేటాయిస్తుంది. లినక్స్ వ్యవస్థ సామాన్యపు అమరికలో ఇందుకోసం 28,232 సంఖ్యలు ఉంటాయి. సంబంధాన్ని ముగించిన వెంటనే ఆ సంఖ్యను మళ్ళీ వాడదు. దారిలో ఆలస్యమైన పాతమాట ఏదైనా వచ్చి కొత్త సంభాషణలో పడకుండా, 60 సెకండ్లపాటు దానిని ప్రక్కన పెడుతుంది. ఇప్పుడు 28,232ను 60తో భాగించండి. సెకండుకు సుమారు 470. ప్రతి ప్రశ్నకూ కొత్త సంబంధం తెరచి మూసే ప్రోగ్రాము, ఒకే డైరెక్టరీతో సెకండుకు 470 సార్లకు మించి నిలకడగా మాట్లాడలేదన్నమాట. యంత్రం ఎంత వేగవంతమైనదైనా, సంఖ్యలు అయిపోయిన తరువాత చేయగలిగింది ఏమీ లేదు.

మరి ఉపాయమేమిటి? మన ఊళ్ళలో ఒకప్పుడు అద్దె సైకిళ్ళ దుకాణాలు ఉండేవి. పెద్దవారికి జ్ఞాపకముండే ఉంటుంది. బజారు దాకా వెళ్ళి రావడానికి ఎవరూ కొత్త సైకిలు కొనరు గదా! గంటకు ఇంత అని ఇచ్చి తీసుకుపోయి, పని ముగియగానే తెచ్చి అప్పగించేవారు. దుకాణంలో ఉన్నవి పదే సైకిళ్ళు. వాటితోనే రోజు మొత్తంమీద వందమంది పని జరిగేది. ఎల్‌డాప్ సంబంధాలకు కూడా ఇదే ఏర్పాటు. ప్రోగ్రాము కొన్ని సంబంధాలను ముందే కుదుర్చుకొని, విడువకుండా నిలువ ఉంచుకుంటుంది. ఈ నిలువకే పూల్ అని పేరు. ప్రశ్న వచ్చినప్పుడు ఒకటి తీసి ఇస్తుంది. పని కాగానే మూసివేయక, తిరిగి నిలువలో చేరుస్తుంది. జావా భాషలో 1.4.1 రూపం నుండి ఈ సదుపాయం భాషతోపాటే వస్తున్నది.

సైకిళ్ళ దుకాణం చెడిపోయే మార్గాలు ఎన్నో, పూల్ చెడిపోయే మార్గాలు కూడా అన్ని. మొదటిది, తీసుకుపోయినవారు తిరిగి ఇవ్వకపోవడం. ప్రోగ్రాము వ్రాసినవారు, పని సవ్యంగా ముగిసినప్పుడు సంబంధాన్ని అప్పగించే ఏర్పాటు చేస్తారు. పని మధ్యలో పొరపాటు జరిగితే ఏమవుతుందో మరచిపోతారు. ఒక్కొక్క పొరపాటుకు ఒక్కొక్క సంబంధం దారితప్పి పోతుంది. పది పోయిన తరువాత పదకొండవవాడు దుకాణం ముందు నిలబడి ఎదురుచూస్తాడు. ఎంతసేపు ఎదురుచూడాలో ముందుగా నిర్ణయించి ఉండకపోతే, ఎదురుచూస్తూనే ఉంటాడు. కనుక పని నెరవేరినా, చెడినా, తిరిగి అప్పగించడం మాత్రం తప్పని విధి కావాలి.

రెండవది, గాలిపోయిన సైకిలు. నాకు పరిచయమున్న ఒక కార్యాలయంలో జరిగిన సంగతి చెబుతాను. అక్కడ మధ్యాహ్న భోజనం తరువాత మొదట వచ్చి కూర్చున్నవారికి ప్రవేశం దొరికేది కాదు. రెండోసారో మూడోసారో ప్రయత్నిస్తే దొరికేది. పదవీవిరమణకు దగ్గరపడిన ఒక గుమాస్తాగారు వేళ తప్పకుండా భోజనం ముగించుకొని అందరికంటే ముందు వచ్చేవారు. దెబ్బ ప్రతిరోజూ ఆయనకే తగిలేది. తన జ్ఞాపకశక్తి సన్నగిల్లిందని ఆయన నిశ్చయించుకొన్నారు. నెలలో మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చుకొన్నారు. చివరకు చీటీమీద వ్రాసి కళ్ళజోడు పెట్టెలో దాచుకొన్నారు. తోటివారు కూడా ఆయన వయస్సును చూసి నవ్వుకొన్నారు.

తప్పు ఆయనది కాదు. చాలాసేపు పలుకని సంబంధాన్ని డైరెక్టరీ తనంతట తానే తెంచివేస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీలో, మార్చకుండా ఉంచితే, ఈ గడువు 900 సెకండ్లు, అనగా పావుగంట. భోజన విరామం అంతకంటే పెద్దది. పూల్ మాత్రం, తెగిపోయిన సంబంధాలను ఇంకా బ్రతికి ఉన్నాయనుకొని దాచి ఉంచింది. మొదట వచ్చినవారి చేతిలో పెట్టింది. ఆ ప్రయత్నాలలో అవి తెగినవని తేలి తొలగిపోయేవి. తరువాత వచ్చినవారికి కొత్తవి దొరికేవి. దుకాణదారు చక్రం నొక్కి చూడకుండా సైకిలు ఇచ్చాడన్నమాట. డైరెక్టరీ గడువుకంటే పూల్ గడువు తక్కువగా ఉంచడం, చేతికి ఇచ్చేముందు ఒక చిన్న ప్రశ్నతో పరీక్షించడం, జవాబు ఇంత కాలంలో రాకపోతే వదలుకోవడం — ఈ మూడు ఏర్పాట్లు చేసిన తరువాత గుమాస్తాగారి జ్ఞాపకశక్తి వెంటనే బాగుపడింది!

జావాలో మరొక సూక్ష్మం ఉన్నది. ఆ పూల్, ప్రత్యేకించి చెప్పనంతవరకు, రహస్యలిపి లేని సంబంధాలనే నిలువ ఉంచుతుంది. భద్రత కోసం రహస్యలిపికి మారినవారు, పూల్ పనిచేస్తూనే ఉన్నదనుకొని, అన్నిటికంటే ఖరీదైన పలకరింపును ప్రతిసారీ కొత్తగా చెల్లిస్తూ ఉంటారు. ఆ అమరికలో ఒక్క మాట చేర్చితే చాలు.

ఇక మూడవది, అన్నిటిలోకీ ముఖ్యమైనది. ఇక్కడ సైకిలు పోలిక చాలదు. సైకిలుకు తనను తొక్కినవాడెవడో గుర్తుండదు. ఎల్‌డాప్ సంబంధానికి గుర్తుంటుంది.

మా స్టూడియోలో ఒక నియమం ఉన్నది. ఒకరు ప్రసంగం ముగించి లేచినప్పుడు మైకు మూసి, మీటలన్నీ క్రిందికి దించి వెళ్ళాలి. తరువాత వచ్చేవారు కూర్చొనేసరికి గది ఎవరిదీ కాని గదిగా ఉండాలి. మీట పైననే ఉండిపోతే, కొత్తగా వచ్చినవారు గొంతు సవరించుకోవడం కూడా మీ అందరి ఇళ్ళలో వినబడుతుంది. ఎల్‌డాప్ సంబంధం ఇటువంటి గదియే. బైండ్ చేసినప్పుడు చెప్పిన పేరు ఆ ఒక్క ప్రశ్నకు కాక, ఆ సంబంధానికే అంటుకొని ఉంటుంది. మళ్ళీ బైండ్ చేసేదాకా వచ్చే ప్రశ్నలన్నీ ఆ పేరుమీదనే నడుస్తాయి.

దీనివలన ఏమి జరుగగలదో చూడండి. ప్రోగ్రాము తన సొంత పేరుతో సంబంధాలు కుదుర్చుకొని పూల్‌లో ఉంచింది. ఒక అధికారి వచ్చి తన పాస్‌వర్డ్ ఇచ్చారు. అది సరియైనదా అని చూడడానికి ప్రోగ్రాము పూల్‌లోని ఒక సంబంధంమీదనే ఆయన పేరుతో బైండ్ చేసింది. సరియైనదే. సంబంధాన్ని అలాగే పూల్‌లో చేర్చింది. తరువాత మరొకరి పనికోసం అదే సంబంధం బయటికి వచ్చింది. ఇప్పుడు ఆ రెండవ మనిషి ప్రశ్నలు అధికారి హక్కులతో నడుస్తున్నాయి. చూడరానిది కనబడవచ్చు.

దీనికి తలక్రిందులైనదీ ఉన్నది. ఒకరు పాస్‌వర్డ్ తప్పుగా టైపు చేశారు. ఎల్‌డాప్ నియమం ప్రకారం, బైండ్ విఫలమైతే ఆ సంబంధం పాతపేరుకు తిరిగి పోదు; ఏ పేరూ లేనిదైపోతుంది. పేరులేనివారికి డైరెక్టరీ సాధారణంగా ఏమీ చూపదు. తరువాత వచ్చిన మనిషిని గురించి ప్రోగ్రాము ఆ సంబంధంమీద వెదకితే, చాలాచోట్ల 'పొరపాటు జరిగింది' అనే జవాబు కాక, 'అటువంటి మనిషి లేడు' అనే జవాబు వస్తుంది. ఎవరో ఒకరి వ్రేలు జారినందువల్ల మరొకరు ఉద్యోగుల పట్టికలోనే లేకుండా పోతారు.

నివారణ కష్టమైనది కాదు. రెండు పనులకు రెండు పూల్‌లు ఉంచాలి. ఒకటి వెదకడానికి, దానిమీద ప్రోగ్రాము పేరు తప్ప మరొక పేరు ఎన్నడూ పలకకూడదు. రెండవది పాస్‌వర్డ్ పరీక్షకు మాత్రమే. దానిమీద ఎవరిని గురించీ ఏమీ వెదకకూడదు. మరొక్క మాట. పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలితే, కొన్ని డైరెక్టరీలు దానిని పేరులేని ప్రవేశంగా భావించి 'సరే' అంటాయి. ఆ 'సరే'ను చూచి ప్రోగ్రాము తలుపు తెరిస్తే, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా ఎవరిపేరుననైనా లోపలికి రావచ్చు. ఖాళీ పాస్‌వర్డును గుమ్మం దగ్గరే త్రిప్పి పంపడం ప్రోగ్రాము వ్రాసేవారి విధి అని 2006 నాటి సవరణలు కూడా హెచ్చరించాయి.

పొదుపు మంచిదే. ఉన్నదానిని పదిమంది పంచుకొని వాడుకోవడం మన ఇళ్ళకు కొత్తకాదు. ఇరుగింటి నుండి అడిగి తెచ్చిన పాత్రను తోమి, తుడిచి, మన వంట వాసన దానిలో మిగలకుండా తిరిగి ఇస్తాము. యంత్రాల మధ్య సంబంధాలకు కూడా ఆ మాత్రపు శుభ్రతే కావాలి. అది లోపించిననాడు నష్టపోయేది యంత్రం కాదు. తన పాస్‌వర్డ్ తానే మరచిపోయాననుకొని, చీటీ వ్రాసి కళ్ళజోడు పెట్టెలో దాచుకొనే ఒక పెద్దమనిషి.