మల్బరీ ఇంటి చిన్న మొక్క
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగ పాఠము)



హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల వారికి మల్బరీని పరిచయము చేయనక్కరలేదు. పట్టుపురుగులకు ఆకు కోసి వేసిన చేతులు ఈ సభలో ఎన్నో ఉన్నవి. మర్రి, రావి, మేడి, పనస కూడ ఆ కుటుంబమునకు చెందినవే. గాటు పెట్టిన పాలు కారుట వీటి సామాన్య లక్షణము.

ఈ మహావృక్షముల ఇంట చిన్న మొక్కలు కూడ కలవు. వాటి ప్రజాతి పేరు డార్‌స్టీనియా. 16వ శతాబ్దపు జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు థియోడోర్ డార్‌స్టెన్ పేర వెలసినది. నూరుకు పైగా గల దీని జాతులలో అధికభాగము ఆఫ్రికా, అమెరికా ఖండముల ఉష్ణమండలములందు పెరుగును. దక్షిణ భారతమునను, శ్రీలంకలోను సహజముగా పెరుగునది డార్‌స్టీనియా ఇండికా. ఇది అడవి నీడలో బ్రతికే బహువార్షిక గుల్మము.

దీని విశేషము పుష్పాసనములో ఉన్నది. చూపుడువేలు నిలిపి చూడండి. దాని చుట్టు సన్నని పూలు క్రిక్కిరిసినచో అది మల్బరీ కంకి. పిడికిలి బిగించండి. పూలన్నియు లోపల దాగినచో అది మేడి. అరచేయి చాచండి. ఆ పళ్లెముపై ఆడ, మగ పూలు పొదిగినట్లున్నచో అది డార్‌స్టీనియా. గింజ పండిన పిమ్మట చుట్టునున్న కండ దానిని నొక్కి దూరముగా విసరివేయును. నేలబారు మొక్క తన సంతతిని వ్యాపింపజేసుకొనే ఉపాయమది.

పుష్పాసనము, ప్రజాతి, గుల్మము అను మాటలను నేను ఈ పాఠశాల బల్లలపైననే నేర్చితిని. 2006 నాటి చట్టము తమిళనాట 10వ తరగతి వరకు తమిళమును తప్పనిసరి పాఠము చేసినది. ఇరుగుపొరుగు భాష నేర్చుట మనకు మేలే. కాని ఇంటి భాషలో శాస్త్రము చదివే బిడ్డలు లేకున్న ఈ మాటలు నిఘంటువులలోనే మిగులును.

హోసూరులోని కేంద్ర పట్టు మండలి జన్యువనరుల కేంద్రములో వెయ్యికి పైగా మల్బరీ రకములను కాపాడుచున్నారు. పేర్లు పుస్తకమున వ్రాసి ఊరకుండుట లేదు. మొక్కలను నేలలో నాటి, నీరు పెట్టి పెంచుచున్నారు. భాషకును అదియే మార్గము. తల్లిదండ్రులారా, ఈ సాయంకాలము మీ బిడ్డను మల్బరీ తోటకు తీసికొనిపోయి, ఆ కంకిని చూపి, తెలుగులో ఒక ప్రశ్న అడుగుడని నా ప్రార్థన.