పరిమళమునకు కొలత

1244వ సంవత్సర ప్రాంతమున ఓరుగల్లు ప్రభువైన కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనమున చందనమునకు, కర్పూరమునకు, పన్నీటికి, పునుగునకు సుంకములు నిర్ణయింపబడియున్నవి. అయితే ఆ పన్నీటిలో నిక్కమైన సుగంధమెంతయో తేల్చుటకు నాటి సుంకరికి తన నాసికయే గతియై యుండును.

నేటి ఓరుగల్లు విద్యార్థికి ఆ యిబ్బంది లేదు. ఉదాహరణకు, నిమ్మగడ్డి తైలమునకు ప్రాణమైన సిట్రాల్ ఆల్డిహైడుల జాతికి చెందినది గనుక, సన్నని మెడపై గీతలు గల గాజుకుప్పెలో 10 మిల్లీలీటర్ల తైలముంచి, సోడియం బైసల్ఫైటు ద్రావణమును కొద్దికొద్దిగా చేర్చుచు, మరుగునీటి తొట్టెలో నిలిపి కుదుపుచుండినచో, సిట్రాల్ దానితో సంయోగము చెంది నీటిలోనికి దిగిపోవును. తక్కిన తైలము మెడలోనికి తేలివచ్చును. తేలినది రెండున్నర మిల్లీలీటర్లైనచో సిట్రాల్ నూటికి 75 పాళ్లన్నమాట. చూచుటకెంత ముచ్చటైన పరీక్షయో! కాని కల్తీగా చేర్చిన వేరొక ఆల్డిహైడును సైతము ఇది సిట్రాలనియే లెక్కించును.

హైడ్రాక్సిలమీన్ పద్ధతి కొంత సూక్ష్మము: అందు సిట్రాల్ చర్యవలన వెలువడు హైడ్రోక్లోరికామ్లమును క్షారముతో కొలిచి, అర్ధ నార్మల్ క్షారము మిల్లీలీటరునకు 76 మిల్లీగ్రాముల సిట్రాల్ చొప్పున గణింతురు. మోసపోవు గుణము మాత్రము దీనికిని కలదు.

1952లో జేమ్స్, మార్టిన్ పండితులు ప్రకటించిన వాయు క్రొమటోగ్రఫీయందన్ననో, తైలములోని సుగంధములు ఒకదానివెంట నొకటిగా గొట్టమును దాటివచ్చి, కాగితముపై వేర్వేరు శిఖరములుగా నిలుచును. ఏకవస్తువని తోచిన సిట్రాల్ సైతము అచట జెరానియల్, నెరల్ అను రెండు శిఖరములై కానవచ్చును.